పొద్దున్నే తలుపు తట్టే మనిషి

జుమ్మా రోజు పొద్దున మా క్యాంపు వరండాలో ప్రతివారం ఒకటే తంతు. వారం బట్టలు ఉతికి తీగల మీద ఆరేసి, చాయ్ గ్లాసులు పట్టుకుని అందరం గోడకు ఆనుకుని వరుసగా కూర్చుంటాం. అందరి చేతుల్లో ఫోన్లు. అందరి నోట ఒకే మాట. "నానా తిన్నవా? గోలీలు వేసుకున్నవా? పైసలు అందినయా?" అవతలి నుంచి జవాబు కూడా ఒకటే. "నాకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్న." ఆ మాట నమ్మి ఫోన్ జేబులో పెట్టుకుని కోడికూర వండుకోవడానికి లేస్తాం.

నేను పదిహేడేళ్లు అలాగే నమ్మాను. పోయిన వానాకాలంలో ఒక రాత్రి మా నాన్న స్నానాల గదిలో జారిపడ్డాడు. తెల్లారి పాలు పోసే పిల్లగాడు వచ్చి, గిన్నె బయట పెట్టలేదేమిటని తలుపు తోసి చూసేదాకా ఆయన అక్కడే తడి నేల మీద పడి ఉన్నాడు. తుంటి విరిగింది. ఆ స్నానాల గది నేను పంపిన దినార్లతో కట్టిందే. నున్నగా మెరిసే ఆ టైల్స్ కూడా మేస్త్రీ ఫోన్లో ఫొటోలు పెడితే ఇక్కడి నుంచి నేనే ఎంచుకున్నాను. పక్కన పట్టుకోవడానికి ఒక ఇనుప కడ్డీ బిగించమని చెప్పాలని అప్పుడు నాకు తోచలేదు. కడ్డీకి ఎంతవుతుంది? మూడు నాలుగు వందలు.

ఈ సంగతి తెలిసి అమెరికా నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. ఆమె కొడుకు సాఫ్ట్‌వేర్ పని మీద పోయి కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊళ్లో ఇల్లు కొనుక్కున్నాడు. అత్త బోధన్‌లో పుట్టి పెరిగిన మనిషి. కాసేపు ఏడ్చింది, కాసేపు నన్ను తిట్టింది, తర్వాత ఒక మాట అన్నది. "అల్లుడా, ఈడ నాకు కొడుకు లేకున్నా నడుస్తది, ఊరు చూసుకుంటది. ఆడ మా అన్నకు ఊరంత చుట్టాలే, ఒక్కడు చూసుకోలే."

కొడుకు పెట్టే తిండి తింటూ కొడుకు లేకున్నా నడుస్తుందనడం అత్తకే చెల్లింది. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. అప్పటి నుంచి ఆ ఊరి గురించి ఆమెను అడిగీ అడిగీ, దొరికింది చదివీ, నాకు అర్థమైంది ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే మన రూముల్లో అమెరికా ముసలివాళ్ల మాట వస్తే అందరం చెప్పేది ఒకటే: "వాళ్లు తల్లిదండ్రులను ఆశ్రమాల్లో పడేస్తరు, మనం కడుపులో పెట్టుకుని చూసుకుంటం." ఈ మాట మనం మూడు వేల కిలోమీటర్ల దూరం నుంచి, రెండేళ్లకొకసారి ఇంటికి పోతూ అంటున్నాం.

ముందు ఆ ఆశ్రమాల లెక్క చెబుతాను. అమెరికాలో అరవై అయిదేళ్లు దాటినవాళ్లలో నర్సింగ్ హోముల్లో ఉండేది నూటికి ఐదుగురు కూడా కాదు. మిగతావాళ్లలో ఎక్కువమంది తమ ఇళ్లలోనే ఉంటారు. ఒంటరిగానో, భార్యాభర్తలుగానో, పిల్లల దగ్గరో. అలా ఇంట్లోనే ఉండగలిగేలా చూడటం అక్కడ కొన్ని ఊళ్లు తమ పనిగా పెట్టుకున్నాయి. ఫ్రీమాంట్ అలాంటి ఊరు.

ఊరు అంటే మరీ పల్లె కాదు. 2020 జనాభా లెక్కల్లో 2 లక్షల 30 వేల మంది. మన నిజామాబాద్ కంటే చిన్నది. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు ఒడ్డున, సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే ఐదు ఊళ్లు 1956 జనవరిలో కలిసి ఒక మున్సిపాలిటీ అయ్యాయి. ఒకప్పుడు తోటలు, పొలాలు. తర్వాత కార్ల ఫ్యాక్టరీ, ఆ తర్వాత కంప్యూటర్ కంపెనీలు. ఇప్పుడు జనంలో సగానికి పైగా ఆసియా దేశాల మూలాలున్నవాళ్లే. పంజాబీలు, చైనావాళ్లు, ఫిలిప్పీన్స్‌వాళ్లు, మనవాళ్లు. యుద్ధాల వల్ల వచ్చిన ఆఫ్ఘన్లు ఎంతమంది అంటే ఊళ్లో ఒక భాగానికి చిన్న కాబూల్ అని పేరు.

ఇంతమంది వలస వచ్చారంటే వాళ్ల వెనక తల్లిదండ్రులూ వచ్చారు. వచ్చాక తెలిసింది అసలు కథ. కొడుకు, కోడలు పొద్దున ఎనిమిదికి కార్లలో పోతారు, పిల్లలు బడికి పోతారు. పెద్ద ఇల్లు, రెండు ఫ్రిజ్‌లు, నాలుగు పడక గదులు, మధ్యలో ఒక ముసలామె. కారు నడపరాదు. ఇంగ్లీషు రాదు. వాకిట్లో నిలబడితే మనిషి కనబడడు. అత్త మొదటి ఏడాది తన సంగతి చెబితే నాకు కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే మన ఆడవాళ్లు గుర్తొచ్చారు. కూరలు కడుపు నిండా ఉంటాయి, మాట్లాడటానికి గోడలుంటాయి. 2009లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక సరిగ్గా ఈ ఫ్రీమాంట్ ముసలివాళ్ల మీదే పెద్ద వ్యాసం రాసింది. అందులో మన దేశం నుంచి పోయిన పెద్దమనుషులు కొందరు ఒక షాపింగ్ మాల్ దగ్గర రోజూ కలుసుకుని, చాయ్ తాగుతూ కష్టసుఖాలు చెప్పుకునే సంగతి ఉంది. తమ గుంపుకు నూరేళ్లు బతికే క్లబ్ అని పేరు పెట్టుకున్నారట. మాట్లాడే మనిషి కోసం మాల్‌కు పోవడం! మన ఊళ్లో రచ్చబండ కాడికి పోయినట్టే. కాకపోతే మన రచ్చబండల మీద కూడా ఇప్పుడు ముసలివాళ్లే మిగిలారు.

ఆ ఊరు చేసిన తెలివైన పని ఏమిటంటే, ఆఫీసు తెరిచి, బోర్డు పెట్టి, ముసలివాళ్లు వస్తారులే అని కూర్చోలేదు. వాళ్లు రారని గ్రహించింది. భాష రానివాడు, బండి లేనివాడు, మొహమాటం ఉన్నవాడు ఆఫీసుకు ఎందుకొస్తాడు? అందుకని మున్సిపాలిటీ వాళ్లే గురుద్వారా, మసీదు, చర్చి, వలసవాళ్ల సంఘాలు, ఇలా ముసలివాళ్లు ఎటూ వచ్చే చోట్లకు పోయారు. అక్కడ వాళ్ల భాష మాట్లాడేవాళ్లలోంచే స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లను ఎంచుకుని శిక్షణ ఇచ్చారు. ఏ ఆసరా ఎక్కడ దొరుకుతుంది, వైద్యానికి ఎవరిని అడగాలి, బండి ఎలా పిలవాలి, కాగితం ఎలా నింపాలి, ఇదీ శిక్షణ. వాళ్లను కమ్యూనిటీ అంబాసిడర్లు అంటారు. మన భాషలో చెప్పాలంటే పెద్దవాళ్లకు ఊరి తరఫు మనిషి.

అత్తకు ఆ మనిషి గురుద్వారాలో దొరికింది. పక్కింటి పంజాబీ ఆవిడతో లంగర్ భోజనానికి పోయింది. భోజనం అయ్యాక ఒక నడివయసు ఆమె వచ్చి పక్కన కూర్చుని హిందీలో అడిగిందట: పగలు ఇంట్లో ఎవరుంటారు? దవాఖానకు ఎట్లా పోతావు? ఈ మధ్య ఎక్కడైనా పడ్డావా? మూడో ప్రశ్నకు అత్త కళ్లల్లో నీళ్లు తిరిగాయట. నిజంగానే పడింది. కొడుకు కంగారు పడతాడని, కోడలు చిరాకు పడుతుందని చెప్పలేదు. సొంత కొడుక్కి చెప్పనిది ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పింది, ఎందుకంటే ఆమె అడిగింది.

మన నాన్నలు "మంచిగనే ఉన్న" అంటున్నారంటే మంచిగా ఉన్నారని కాదు. దినార్ పంపే కొడుకును ఇబ్బంది పెట్టడం ఎందుకని. ఆ అబద్ధాన్ని ఫోన్ పట్టుకోలేదు. ఎదురుగా కూర్చున్న మనిషే పట్టుకోగలడు.

ఆ తర్వాత అత్త బతుకు కొంచెం మారింది. ఊరి మధ్యలో ఎలిజబెత్ అనే చెరువు, దాని పక్కన పెద్ద పార్కు ఉన్నాయి. ఆ ఒడ్డున పెద్దవాళ్ల కోసం మున్సిపాలిటీ నడిపే భవనం ఉంది. మొదట సీనియర్ సెంటర్ అనేవాళ్లు, ఇప్పుడు ఏజ్ వెల్ సెంటర్ అంటున్నారు. అక్కడ మధ్యాహ్నం భోజనం ఉంటుంది, వ్యాయామం ఉంటుంది, పేకాట కూడా ఉంటుంది. తిండి గురించి అడిగితే అత్త మూతి తిప్పింది. "సప్పగుంటది అల్లుడా, ఉప్పుండదు కారముండదు." మరి ఎందుకు పోతావంటే, "తిండికెవడు పోతడు, మంది కోసం పోత" అన్నది. తోలు సంచిలో మామిడికాయ తొక్కు డబ్బా పెట్టుకుని పోతుందట. దాని వల్ల ఒక చైనా ముసలామెతో స్నేహం కుదిరింది. ఆమెకు తెలుగు రాదు, ఈమెకు చైనా భాష రాదు, తొక్కు ఇద్దరికీ వచ్చు.

ఆ భోజనం వెనక ఒక చట్టం ఉంది. 1965లో, జాన్సన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, వృద్ధుల కోసం అమెరికాలో ఒక చట్టం చేశారు. 1972లో దానికి భోజన పథకం కలిపారు. అరవై దాటినవాళ్లకు నలుగురితో కూర్చుని తినే భోజనం, కదలలేనివాళ్లకు ఇంటికి పంపే భోజనం. నీ జీతమెంత, నీ కొడుకు జీతమెంత అని అడిగి అర్హత తేల్చరు. వయసే కొలత. భోజనానికి ఇంత ఇస్తే బాగుంటుందని చెబుతారు. ఇవ్వలేనివాడిని తిండి పెట్టకుండా వెనక్కి పంపకూడదు. డబ్బు కొంత కేంద్రం నుంచి, కొంత రాష్ట్రం నుంచి, మిగతాది ఊరి నుంచి, దాతల నుంచి వస్తుంది.

ఇంటికి భోజనం పంపడం అంతకంటే పాతది. యుద్ధకాలంలో ఇంగ్లండ్‌లో మొదలైంది, 1954లో ఫిలడెల్ఫియా నగరంలో అమెరికాకు వచ్చింది. మీల్స్ ఆన్ వీల్స్ అంటారు. ఫ్రీమాంట్‌లో ఈ పని లైఫ్ ఎల్డర్‌కేర్ అనే స్వచ్ఛంద సంస్థ చేస్తోంది. డబ్బాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్లలో మామూలు జనమే ఎక్కువ. ఉద్యోగం మానేసినవాళ్లు, కాలేజీ పిల్లలు. వాళ్లు గుమ్మం ముందు డబ్బా పెట్టి పోరు, తలుపు తడతారు. మనిషి వచ్చి తలుపు తీయాలి. తీయకపోతే ఏదో జరిగిందని అర్థం, వెంటనే సంస్థకు ఫోన్ పోతుంది. అన్నం డబ్బా ఒక వంక, చూసి పోవడమే అసలు పని. మా నాన్నకు ఆ రోజు పాల పిల్లగాడు చేసింది ఇదే. కానీ ఆ పిల్లగాడు దాని కోసం రాలేదు, అదృష్టం కొద్దీ చూశాడు. అక్కడ అదృష్టం మీద వదిలేయలేదు.

ఇక బండి సంగతి. ముసలివాళ్లకు సగం రోగం దూరం వల్లనే వస్తుందని నా అభిప్రాయం. మందు లేక కాదు, మందు దగ్గరికి పోలేక. అమెరికాలో 1990లో వచ్చిన వికలాంగుల చట్టం ప్రకారం, మామూలు బస్సు ఎక్కలేనివాళ్ల కోసం, బస్సు తిరిగే దారికి ముప్పావు మైలు లోపల ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా బండి నడపాలి. ఫ్రీమాంట్ ఉన్న అలమీడా కౌంటీ ఇంకో అడుగు ముందుకు వేసింది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి. 2000 సంవత్సరంలో అక్కడి జనం ఓటు వేసి, కొనే సరుకు మీద డాలరుకు అర సెంటు పన్ను తమకు తామే వేసుకున్నారు. వంద డాలర్ల సరుకు కొంటే యాభై సెంట్లు. రోడ్లకు, బస్సులకు, రైళ్లకు ఆ డబ్బు. అందులో ఒక వాటా ముసలివాళ్ల, వికలాంగుల ప్రయాణాలకు కేటాయించారు. 2014లో మళ్లీ ఓటు వేసి దాన్ని ఒక సెంటుకు పెంచుకున్నారు. ఇలాంటి పన్నుకు అక్కడ మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. వచ్చాయి. పన్ను పెంచమని ఓటు వేసే జనం ఉంటారని మా రూములో చెబితే ఎవరూ నమ్మలేదు.

ఆ డబ్బుతోనే ఊరు తన పెద్దవాళ్లకు తక్కువ ధరకు కారు ఏర్పాటు చేస్తోంది. వెంట మనిషి కావాలనుకునే వాళ్లకు లైఫ్ ఎల్డర్‌కేర్ వాళ్ల స్వచ్ఛంద డ్రైవర్లు ఉన్నారు. డాక్టరు దగ్గర దింపి వెళ్లిపోకుండా చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, పని అయ్యేదాకా ఉండి, మళ్లీ ఇంట్లో దింపుతారు. అత్త ఈ కారు పొందడానికి కాగితాలు నింపింది గురుద్వారాలో కలిసిన ఆమే. ఒకరోజు ఫోన్లో అత్త గర్వంగా చెప్పింది, "కొడుకును అడగకుండ పండ్ల డాక్టర్ కాడికి పోయొచ్చిన." డెబ్బై రెండేళ్ల మనిషికి అది ఎంత పెద్ద సంగతో ఖఫీల్ అనుమతి లేనిదే కదలలేని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇదంతా చదివి అక్కడ స్వర్గం ఉందనుకోవద్దు. అమెరికాలో పింఛను, అరవై అయిదు దాటినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ అనే వైద్యం, ఇవి ప్రధానంగా పదేళ్లు పనిచేసి పన్ను కట్టినవాళ్లకు. కొడుకు వెనకాల పోయిన తల్లికి అలా రావు. పేద వృద్ధులకు ఇచ్చే నెల భృతిని కూడా 1996లో చేసిన ఒక చట్టం, కొత్తగా వచ్చిన వలసవాళ్లలో చాలామందికి పౌరసత్వం వచ్చేదాకా లేకుండా చేసింది. వైద్యం ఖర్చు చూస్తే గుండె ఆగుతుంది. పూర్తిగా మంచాన పడ్డవాళ్లను చూసుకునే మనిషిని పెట్టుకోవాలంటే మధ్యతరగతి ఇల్లు కరిగిపోతుంది. ఫ్రీమాంట్‌లో ఇళ్ల ధరలు ఎలాంటివంటే, ఆ ఊళ్లో పుట్టి పెరిగిన ముసలివాళ్లు కూడా అద్దెలు కట్టలేక అవస్థ పడుతున్నారు. ఇంట్లో నుంచి బయటికి రాని ఒంటరివాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అత్తకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు.

అయినా నాకు ఆ ఊళ్లో నచ్చింది డబ్బు కాదు. డబ్బు మనమూ పంపుతున్నాం. ముసలివాళ్ల క్షేమం కొడుకు మంచివాడా చెడ్డవాడా అన్నదాని మీద ఆధారపడకుండా చేయడం నచ్చింది. నేను మంచి కొడుకునే. నెల తప్పకుండా పంపాను, వారం తప్పకుండా ఫోన్ చేశాను. నా మంచితనం ఆ రాత్రి తడి నేల మీద మా నాన్నకు ఎందుకూ పనికిరాలేదు.

మన దగ్గర ఏమున్నాయో కూడా చూద్దాం. తల్లిదండ్రుల పోషణకు 2007లో కేంద్రం చట్టం చేసింది. చూడని కొడుకు మీద ట్రిబ్యునల్‌కు పోతే నెలకు ఇంత ఇవ్వమని ఆజ్ఞాపిస్తారు. మంచిదే, కానీ అది డబ్బు ఇవ్వని కొడుకు కోసం చేసిన చట్టం. ఇచ్చి దూరంగా ఉన్న కొడుకుకు అందులో ఏమీ లేదు. పెద్దవాళ్లు ఫోన్ చేసి సాయం అడగడానికి 14567 అనే నంబరు ఉంది. రాసి గోడకు అంటించండి, మీ నాన్నకు ఆ నంబరు ఉన్నట్టు కూడా తెలిసి ఉండదు. ఆసరా పింఛను తెలంగాణలో 2014లో వెయ్యి చేశారు, 2019లో 2016 రూపాయలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నాలుగు వేలు, అదీ సచివాలయం ఉద్యోగి ఇంటికి తెచ్చి ఇచ్చేలా పెట్టారు.

ఆ చివరి మాట దగ్గర ఆగండి. నెలకొకసారి ప్రభుత్వం మనిషి ముసలివాళ్ల తలుపు తడుతున్నాడు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి పోతున్నాడు. ఆ నిమిషంలోనే ఇంకో మూడు ప్రశ్నలు అడిగితే ఏం పోతుంది? గోలీలు ఉన్నాయా, ఈ నెలలో ఎక్కడైనా పడ్డావా, కళ్లు కనబడుతున్నాయా. రాసుకుని పోయి ఆశా కార్యకర్తకు చెబితే ఆమె రేపు వస్తుంది. కొత్త ఆఫీసు అక్కర్లేదు, కొత్త జీతం అక్కర్లేదు. అలాగే ప్రతి ఊళ్లో అంగన్‌వాడీ ఉంది, అక్కడ పొయ్యి వెలుగుతుంది, పిల్లలకు అన్నం వండుతున్నారు. అదే పొయ్యి మీద ఒంటరి ముసలివాళ్లకు పది గ్లాసుల బియ్యం ఎక్కువ పోయడానికి ఒక జీవో చాలు. ఇది చదివే వాళ్లలో సర్పంచ్ చుట్టాలు ఉంటారు, పార్టీల మనుషులు ఉంటారు. ఎన్నికలప్పుడు మన ఇళ్లకు ఓట్ల కోసం వస్తారు కదా, అప్పుడు సీసీ రోడ్డుతో పాటు ఇదీ అడగమని ఇంట్లో చెప్పండి.

అమెరికా మనకు దూరమనుకుంటే, పక్క బెడ్డు మలయాళీని అడగండి. నేను అడిగాను. ఆయనది మలప్పురం, మనలాగే ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండే జిల్లా. 1993లో కోజికోడ్‌లో కొందరు డాక్టర్లు నయంకాని రోగుల నొప్పి తగ్గించడానికి ఒక సొసైటీ పెట్టారు. తర్వాత ఆ పని ఊళ్లలోని మామూలు మనుషుల చేతుల్లోకి వచ్చింది. చిన్నచిన్న చందాలతో, వారానికి కొన్ని గంటలు ఇచ్చే మనుషులతో నడిచింది. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని విధానంగా ప్రకటించింది, పంచాయతీలు అందుకున్నాయి. ఇప్పుడు మంచాన పడ్డవాళ్ల ఇంటికి నర్సు వెళ్తుంది, పుండ్లు కడుగుతుంది, మందులు చూస్తుంది. మా రూము మలయాళీ తల్లిని అలా చూసిపోయారు. ఆయన దాన్ని గొప్పగా కూడా చెప్పలేదు. మీ దగ్గర రారా అని ఆశ్చర్యపోయాడు.

నాకు సిగ్గేసింది. మన సంఘాలు చందాలు వసూలు చేయవా అంటే, చేస్తాయి. ఎవరైనా ఇక్కడ చనిపోతే బాక్సు పంపడానికి రాత్రికి రాత్రి వేలు పోగవుతాయి, అందులో మనవాళ్లను మించినవాళ్లు లేరు. బతుకమ్మకు, గుడి కమానుకు, వచ్చిన లీడరుకు శాలువాకు పోగవుతాయి. ఊళ్లో బతికి ఉన్న తల్లిదండ్రుల కోసం మాత్రం ఎవడి బాధ వాడిది.

నాన్న మంచం మీద ఉండగానే మా ఊరివాళ్లం వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. కువైట్, సౌదీ, దుబాయ్, బహ్రెయిన్, అన్ని చోట్ల కలిపి ఇరవై ఆరుగురు తేలారు. నెలకు రెండు వందల రూపాయలు అనుకున్నాం. ఒక్క బకాలా బిల్లు. మొత్తం 5200 వస్తాయి. బీడీలు చుట్టి నడుం పోయిన ఒక ఆడమనిషి ఉంది ఊళ్లో, అందరికీ తెలిసినామె. ఆమెకు 3500 ఇస్తామన్నాం. పని ఒకటే, రోజూ పొద్దున మా ఇళ్లన్నీ తిరిగి తలుపు తట్టి మనిషిని కళ్లారా చూసి రావాలి, గ్రూపులో ఒక్క మాట చెప్పాలి. నెలకు రెండు సార్లు ఆటో, బీపీ, షుగర్ ఉన్నవాళ్లను పట్నం తీసుకుపోవడానికి, దానికి 1400. మిగిలేది మూడు వందలు.

మొదటి వారమే గొడవ. ఒకాయన, మా అమ్మ ఏమన్నా అనాథనా, ఊరంతా వచ్చి తొంగిచూడటానికి అన్నాడు. ఇంకొకాయన గ్రూపులో రాయలేదు గానీ నాకు విడిగా ఫోన్ చేసి, ఆమెది ఫలానా కులం, మా గడప ఎక్కదు కదా అన్నాడు. కువైట్‌లో ఒకే డ్రమ్ములో నీళ్లు తాగి, ఒకే బాత్రూము ముందు లైన్లో నిలబడే మనిషి ఆ మాట అన్నాడు. నేను ఏం జవాబు చెప్పానో ఇక్కడ రాయలేను, పత్రిక వేయదు. ఆయన గ్రూపు వదిలి వెళ్లాడు. వాళ్ల అమ్మ మాత్రం ఆమెను ఇంట్లోకి పిలిచి చాయ్ పోస్తోందని తర్వాత తెలిసింది. ఆ ఇల్లు ఇప్పుడు చందా లేకుండానే లెక్కలో ఉంది.

ఐదు నెలలైంది. ముగ్గురు డబ్బులు ఇవ్వడం మానేశారు, ఒకరికి జీతాలే రావట్లేదు, ఆయన్ని అడగట్లేదు. మిగతా ఇద్దరినీ ప్రతి జుమ్మాకు నేను అడుగుతూనే ఉన్నాను. రెండో నెలలో ఒక ఇంట్లో తలుపు తీయకపోతే ఆమె పక్కవాళ్లను పిలిచి లోపలికి పోయింది. షుగర్ పడిపోయి సోయి లేకుండా ఉన్న ముసలాయనను 108లో పంపించారు. ఆయన కొడుకు బహ్రెయిన్‌లో ఉంటాడు, గ్రూపులో అంతవరకు ఒక్క మాట మాట్లాడని మనిషి. ఆ రోజు రాత్రి ఏమీ రాయకుండా ఏడాది చందా ఒకేసారి పంపాడు.

మా నాన్న ఇప్పుడు చేతికర్రతో వాకిట్లోకి వస్తున్నాడు. ఆమె ఎనిమిదింటికి వస్తుంది, ఏడున్నరకే కుర్చీ వేసుకుని కూర్చుంటాడట. స్నానాల గదిలో కడ్డీ బిగించారు, మూడు వందల ఎనభై అయింది. బీపీ చూసే మిషన్ ఒకటి కావాలని ఆమె అడిగింది. దసరాకు ఛుట్టి మీద పోయే మా ఊరి తమ్ముడు ఒకడు కొనుక్కుని పోతానన్నాడు. బ్యాటరీలు మర్చిపోవద్దని వాడికి నిన్న కూడా చెప్పాను.